బతికున్నవాడి జావ

ఊళ్ళో ఇప్పటికీ అంటారు, రుబినెమ్ మొగుణ్ణి రెండుసార్లు పూడ్చిపెట్టిందని. అనేవాళ్ళ నోరు పడిపోను. నేను పూడ్చింది ఒక్కసారే, అదీ అరటిబోదెని. రెండోసారి పూడ్చుకోవడానికి నాకు మనిషిని దక్కనివ్వలేదు.

మా ఆయన పేరు పోనిరాన్. వారానికి ఏడు రోజులుంటే, మా సంతల లెక్కకి విడిగా అయిదు రోజులున్నాయి. ఆ అయిదింటిలో పోన్ నాడు పుట్టాడని ఆ పేరు పెట్టారు. మంగళవారమూ పోనూ కలిసొచ్చిన రోజు అతని పుట్టినరోజు. అది ముప్పై అయిదు రోజులకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా తల్లి జావ కాయాలి. సగం తెల్లగా ఉంచి, సగంలో తాటిబెల్లం వేసి ఎర్రగా కాచి, ఆకుదొన్నెల్లో నాలుగిళ్ళకి పంచాలి. బతికున్నవాళ్ళకి జావ, పోయినవాళ్ళకి అప్పాలు. ఈ తేడా మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు.

నలభై ఎనిమిదో సంవత్సరం డిసెంబరు పంతొమ్మిదిన తెల్లారేసరికి మా రాజధాని జోగ్జా మీద విమానాలు తిరిగాయి. సాయంత్రానికి నగరం డచ్చివాళ్ళ చేతిలో ఉంది, అధ్యక్షుణ్ణే పట్టుకుపోయారని చెప్పుకున్నారు. మూడేళ్ళుగా స్వాతంత్ర్యం స్వాతంత్ర్యం అని అరిచి అరిచి బొంగురుపోయిన గొంతులు ఒక్క పూటలో మూగబోయాయి. మా ఊరి పక్కన మూతపడ్డ చక్కెర మిల్లులో డచ్చివాళ్ళు మకాం పెట్టారు. మా ఆయన ఆ మిల్లులోనే చెరుకు బళ్ళ పట్టాలు వేసే మేస్త్రీ. ఏ వంతెన కింద ఏ దూలం బలహీనమో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. అందుకే వారం తిరక్కుండా ప్రోగో నది మీద రెండు వంతెనలు కూలాయి. అందుకే మిల్లులో దిగిన డచ్చి దొర దగ్గరున్న కాగితంలో అతని పేరు ఎక్కింది. మా ఆయన నది దాటి కొండల్లోకి పోయాడు, మేమిద్దరం, నేనూ మా అత్తా, వాళ్ళకి దొరికాం.

మూడు వారాల్లో నాలుగుసార్లొచ్చారు. గడ్డి కప్పులో బాయినెట్లు గుచ్చారు. అన్నం కుండ తన్నేశారు. నాలుగోసారి, ఈసారి వచ్చినప్పుడు కొడుకు దొరక్కపోతే ఇల్లు తగలబెట్టి తల్లిని తీసుకుపోతామని చెప్పి వెళ్ళారు. మా అత్త పేరు సరియెమ్. గుప్పెడు మనిషి. ఆవిణ్ణి తీసుకుపోయి ఏం చేసుకుంటారో నాకర్థం కాలేదు, కానీ మా ఆయన మాత్రం పరిగెత్తుకుంటూ వచ్చి వాళ్ళ చేతిలో పడతాడని తెలుసు.

ఆ వారమే రేవు దగ్గర కాల్పులు జరిగి ముగ్గురు పోయారు. ఆ కబురు తెచ్చింది కస్మున్. మా ఆయనతో కలిసి తిరిగేవాడు, అవతలి పేట వాడు.

"ముగ్గురు కాదు, నలుగురని చెప్పు," అన్నాను.

"నాలుగోవాడెవడు వదినా?"

"మీ అన్న."

కస్మున్ నోరు తెరిచాడు. "అన్న కొండమీద కర్రపెండలం కాల్చుకు తింటన్నాడు కదా!"

"తిననీ. చచ్చినోడికి ఆకలెక్కువ."

మనిషి పొడవున అరటిబోదె కొట్టించాను. తల దగ్గర బూరుగుదూది కట్టి చాపలో చుట్టాం. నిజం తెలిసింది మా ఇద్దరికీ, కస్మున్‌కీ, ప్రార్థన చదివే మసీదు తాతకీ. తాత చాలాసేపు గడ్డం గోక్కుని, "రేపు దేవుడు అడిగితే నీ పేరే చెప్తానమ్మాయ్," అన్నాడు. చెప్పుకోమన్నాను. శరీరం ఛిద్రమైంది, విప్పకూడదు అని ఊరికి చెప్పాం. మా అత్త ఆ బోదె మీద పడి ఏడ్చిన ఏడుపుకి మిల్లులో కుక్కలు కూడా మొరిగాయి. ఊరుకోండి అత్తా అని లాగితే ఊరుకోదే! ఒక్క క్షణం నాకూ అనుమానమొచ్చింది, ఈవిడకి లోపల ఉన్నది బోదె అని గుర్తుందా లేదా అని.

మూడో రోజు, ఏడో రోజు విందులు పెట్టాం, అప్పాలు పంచాం. మిల్లు దొర వచ్చి సమాధి చూసి, కాగితంలో ఏదో గీత గీసుకుని పోయాడు. తరవాత రాలేదు. అంత సుళువుగా జరిగేసరికి నా తెలివికి నేనే మురిసిపోయాను. మురిసిపోవడం నాకు అచ్చిరాదు.

జనవరి ఆఖర్లో ఒక పొద్దున పొయ్యి దగ్గర తాటిబెల్లం వాసన వచ్చింది.

"ఏంటత్తా ఇది?"

"కళ్ళు పోయాయా? జావ."

"ఎవరికి?"

"నా కొడుక్కి. ఇవాళ మంగళవారం పోన్."

"మీ కొడుకు పోయి పదిహేను రోజులైంది. ఊరంతా వచ్చి తిని వెళ్ళారు."

"నీ నోట్లో మట్టి పడ!" అని గరిటె ఎత్తింది.

ఎంత చెప్పినా వినదు. ఇంటిగుట్టు లంకకి చేటన్నాను, రాక్షసులు మిల్లులోనే ఉన్నారన్నాను. ఆవిడ గరిటె దించి నెమ్మదిగా అంది: "చూడు రుబీ, పోయాడని ఏడ్చాం. అప్పాలు పెట్టాం. ఇప్పుడు జావ కూడా మానేస్తే వాడి ప్రాణానికి ఏం తెలుస్తుందే, ఇదంతా నాటకమని? నిజమే కాబోలు అనుకుని వెళ్ళిపోతుంది."

నాకూ లోపల ఆ భయమే ఉంది, ఒప్పుకోలేదంతే. పంచకూడదు, ఇంట్లోనే అటక మీద పెట్టి దండం పెట్టుకుని మనమే తినాలి అని షరతు పెట్టాను. పంచని జావ జావే కాదని గొణిగి సరేనంది.

మార్చి ఒకటో తారీఖు కూడా మంగళవారం పోనే. ఆ పొద్దున ఆరింటికి, నగరంలో కర్ఫ్యూ ఎత్తేసే కూత వినగానే, మావాళ్ళు నాలుగు వైపుల నుంచీ జోగ్జాలోకి దూకారు. తుపాకుల చప్పుడు మా చేలదాకా వినబడింది. నేను గట్టుమీదే నిలబడిపోయాను. ఎవరో పరిగెత్తుకొచ్చి బజారంతా మనదే అన్నారు. ఇంకెవరో కోట మీద మన జెండా ఎగిరిందన్నారు. ఆరు గంటలు. అంతే. మధ్యాహ్నానికి డచ్చి బళ్ళొచ్చాయి, మావాళ్ళు వచ్చినదారినే జారుకున్నారు. కానీ ఆ ఆరు గంటలూ మా ఊళ్ళో ఎవరికీ కాళ్ళు నేలమీద లేవు.

మా అత్తకి అసలే లేవు. నేను ఇంటికొచ్చేసరికి అటక ఖాళీ.

"జావేది?"

"పంచాను," అంది, దొంగతనం దొరికిన పిల్లలా కొంగు సర్దుకుంటూ. "అందరికీ కాదులే. ఒక్క జుమిరాకే. వాడి బొడ్డు కోసిన చెయ్యి. దానికి పెట్టకపోతే ఎలా?"

జుమిరా మా ఊరి మంత్రసాని. చెడ్డది కాదు, కానీ నోట్లో నువ్వుగింజ నానదు. పైగా దాని కొడుకు తార్జో చిన్నప్పుడు మిల్లు మేనేజరింట్లో పెరిగి డచ్చి భాష పట్టాడు, వాళ్ళతోనే నగరం పోయి ఇప్పుడు మిల్లు దొరకి దుబాసీగా తిరిగొచ్చాడు. ఆ దొన్నె పట్టుకుని ఇంటికెళ్ళి జుమిరా కొడుకుతో ఏమందో తరవాత తెలిసింది. "పాపం, సరియెమ్‌కి మతి చెదిరిందిరా, చచ్చిన బిడ్డకి బతికున్నవాడి జావ కాస్తోంది," అందట. జాలిపడే అంది. కానీ ఏ తల్లీ చచ్చినవాడికి జావ కాయదని తార్జోకి తెలుసు. వాడూ ఇక్కడి మంగళవారంలోనో బుధవారంలోనో పుట్టినవాడే కదా. పోనిరాన్ బతికున్నాడనీ, జావ రోజు మళ్ళీ ఎప్పుడొస్తుందో కూడా దొరకి బెదిరిస్తే చెప్పాడో, బెదిరించకుండానే చెప్పాడో నాకు తెలీదు.

నాకు ఇవేమీ తెలియని ఆ సాయంత్రమే మా ఆయన వచ్చాడు. వెనక అరటితోపులోంచి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని. ఒళ్ళంతా మందుగుండు వాసన. అత్త విడిగా దాచుకున్న తన వాటా జావ తెచ్చి పెడితే దొన్నె నాకి మరీ తిన్నాడు.

"నా చావుకి ఎంతమందొచ్చారే?"

"మన పెళ్ళికి వచ్చినోళ్ళకంటే ఎక్కువే."

"ఎవరు బాగా ఏడ్చారు?"

"మీ అమ్మ. బోదె చిగురేస్తదేమో అనుకున్నా."

"మరి నువ్వో?"

"నాకు తీరికెక్కడిది? నీ పేరు చెప్పుకుని ఊరంతా తింటంటే వండేసరికే సరిపోయింది."

అతను పగలబడి నవ్వబోతే అత్త నోరు మూసింది. వెళ్తూ వెళ్తూ, "వచ్చే పోన్ మంగళవారం పొద్దున్నే వస్తానమ్మా, జావ వేడిగా ఉంచు," అన్నాడు. రావద్దని నేను అనాలి. మళ్ళీ ముప్పై అయిదు రోజులకి గానీ కనబడడు. అనలేదు.

ఏప్రిల్ అయిదు. ఇంకా మంచు విడవలేదు. అత్త పొయ్యి దగ్గర ఉంది. నది వైపు చెరుకుతోటలో కాపు కాసినవాళ్ళెవరో డచ్చి భాషలో అరిచారు. అంతే. కాల్పులు లేవు. కాసేపటికి మా వాకిట్లోకి తీసుకొచ్చారు, చేతులు వెనక్కి విరిచి కట్టి. పార భుజానేసుకుని రైతులా వచ్చాడట. దగ్గర తుపాకీ లేదు, కాగితం లేదు. ఎవరని అడిగితే, అవతలి ఒడ్డువాణ్ణి, గేదె తప్పిపోతే వెతుక్కుంటున్నానని చెప్పాడట. పోనిరాన్ ఎలా ఉంటాడో మిల్లు దొరకి తెలీదు, ఫొటో లేదు. తార్జో కూడా అతన్ని చూసి పదేళ్ళు దాటింది. అందుకే ఊరందర్నీ మా వాకిట్లో నిలబెట్టారు.

దొర కుర్రాడే. ఎండకి ముక్కు ఊడొచ్చి ఎర్రగా ఉంది. ముందు జుమిరాని పిలిచాడు. తార్జో తల్లి మొహం చూడకుండా అడిగాడు: "ఇతను పోనిరానేనా?"

జుమిరా కొడుకు వైపు చూసింది, మా ఆయన వైపు చూసింది. అప్పుడు తెలిసినట్టుంది దానికి, తన నోరు ఏం చేసిందో. మొహం బూడిదైపోయింది. అయినా నిలబడింది. "నేను కోసిన బొడ్లు రెండొందలు. అందరి మొహాలూ నాకేం గుర్తురా? ఈడు మా ఊరోడు కాదు," అంది. దాని వెనక పదిమందీ అదే మాట అన్నారు. తెలీదు దొరా, ఎప్పుడూ చూళ్ళేదు దొరా.

నా వంతు వచ్చింది. నాకేం కష్టమనిపించలేదు. "నా మొగుడు అదిగో, ఆ వెదురు కంచె అవతల ఉన్నాడు. మీ దొరే వచ్చి చూశాడుగా," అన్నాను. మా ఆయన నేల చూస్తున్నాడు. మీసం కింద నవ్వు ఆపుకుంటున్నాడనిపించింది.

తరవాత అత్త. దొర గొంతు తగ్గించి ఏదో అన్నాడు. తార్జో ఆవిడ దగ్గరికొచ్చాడు. "పిన్నీ, నీ కొడుకైతే చెప్పు. తీసుకెళ్తారు, అంతే. చెప్పడమే మంచిది, నా మాట విను," అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తెచ్చుకున్నాడు. ఎంత నటన, అనుకున్నాను. వాడి మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. తీసుకెళ్ళిన వాళ్ళెవరైనా తిరిగొచ్చారా అప్పటిదాకా?

అత్త పెదవి అదరడం మొదలైంది. గొంతులోంచి ఏదో సన్నగా వస్తోంది, పొయ్యిమీద ఎసరు కాగేముందు వచ్చే చప్పుడులా. ఇంకొక్క క్షణంలో ఏడుస్తుంది. ఏడిస్తే అయిపోయినట్టే, ఇన్నాళ్ళ నాటకం, అతని ప్రాణం. నేను ఆవిడ వెనకే ఉన్నాను. మోచేతి పైన చెయ్యి పట్టుకుని గోళ్ళు దిగేదాకా గిల్లాను. ఆవిడ ఆ చప్పుడు మింగేసింది.

మా ఆయన తల ఎత్తాడు. "పెద్దమ్మగారూ, భయపడకండి," అన్నాడు. కన్నతల్లిని. "మీకూ నాకూ ఏం సంబంధం లేదు కదండీ. ఉన్నమాట చెప్పెయ్యండి."

"ఇతనెవరో నాకు తెలీదు," అంది అత్త. "నా కొడుకు పోయాడు."

తార్జో వెంటనే తర్జుమా చెయ్యలేదు. దొర రెట్టించాక చేశాడు. దొర కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, సైనికులతో రెండు మాటలన్నాడు. మా ఆయన్ని మిల్లు వైపు కాకుండా నది వైపు నడిపించారు. వచ్చిన దారినే వదిలేస్తున్నారనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. లోపలికెళ్ళి పొయ్యి మీద మాడుతున్న జావ దించాను కూడా.

మూడుసార్లు పేలింది. మేం గట్టు చేరేసరికి ఎర్రటి వరదనీళ్ళు తప్ప ఏం లేవు. ప్రోగో ఇచ్చేది కాదు, పట్టుకుపోయేది. రెండు రోజులు దక్షిణ సముద్రం దాకా ఒడ్డు పట్టుకుని నడిచాం. దొరకలేదు.

మే నెలలో పెద్దవాళ్ళు ఎక్కడో కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. జూన్ ఆఖర్లో డచ్చివాళ్ళు జోగ్జా వదిలి బళ్ళెక్కారు. మిల్లు ఖాళీ అయింది. తార్జో కూడా వాళ్ళ బళ్ళోనే ఎక్కి పోయాడు. జుమిరా ఆ తరవాత ఎవరికీ పురుడు పోయలేదు. మా వైపు జనం రోడ్ల మీద నిలబడి ఏడ్చారు, నవ్వారు, ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. నాకు ఆ గోల విన్నకొద్దీ ఒళ్ళు మండింది. మూడు నెలలు. మూడంటే మూడు నెలలు ముందు పోయి ఉంటే వాళ్ళ సొమ్మేం పోయేది? ఆగస్టులో ఊరి కుర్రాళ్ళు అరటిబోదె సమాధికి సున్నం కొట్టి జెండా పాతారు. అమరవీరుడన్నారు.

అప్పుడే కస్మున్ తిరిగొచ్చాడు. వాణ్ణీ ఏప్రిల్లోనే పట్టుకున్నారు, మా ఆయన పోయిన వారానికి. చచ్చిపోయాడనే అందరం అనుకున్నాం. ఖైదీలను విడిచిపెట్టడంతో వచ్చాడు. ఎముకలగూడులా ఉన్నాడు గానీ బతికే ఉన్నాడు. వాళ్ళమ్మ రాసిమా ఊరంతటికీ విందు పెట్టింది. నేను రానన్నాను. వెళ్ళకపోతే బాగోదని అత్తే లాక్కెళ్ళింది.

చాపల మీద మగవాళ్ళంతా చుట్టూ చేరి అడుగుతుంటే కస్మున్ చెప్తున్నాడు. "ఆళ్ళకి కావాల్సింది పేరు మావా. పేరు రాసుకుంటే ఆ మనిషిని పైకి పంపాలి, పైవోళ్ళకి జవాబు చెప్పుకోవాలి. కొడతారు, తిండి పెట్టరు, కానీ చంపరు. పట్టీలో పేరుంది కాబట్టే ఒప్పందం కాగానే పిలిచి ఒదిలారు. పేరూ ఊరూ లేనోడైతే జవాబు చెప్పుకునేది ఎవరికి? గట్టుమీదే కాల్చి..." అంటూ తలుపు దగ్గర మమ్మల్ని చూసి ఆగిపోయాడు.

రాసిమా చూళ్ళేదు, లేక చూసినా సంతోషంలో తెలియలేదు. అత్త పక్కన కూర్చుని ఆకులో అన్నం వడ్డిస్తూ అందుకుంది. "ఈడు గూడా తెలివిగా పేరు మార్చి చెప్పాడక్కా! నాకవన్నీ తెలుసా ఏంటి? బిడ్డని అలా కట్టేసి కనబడేసరికి నేల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చా, కస్మునూ, నా కస్మునూ అని. ఆ దొర నవ్వి పేరు రాసుకున్నాడు. ఈడైతే నన్ను కొరకొరా చూశాడు." కొడుకు వైపు చూసి మురిసిపోయి, ఇటు తిరిగి, ఏ కల్మషం లేకుండా అడిగింది: "నువ్వెలా ఉన్నావక్కా, ఏడవకుండా?"

అత్త అన్నం ముద్ద చేతిలోనే పట్టుకుంది. అటూ ఇటూ ఆడవాళ్ళు తినడం ఆపారు. తార్జో కన్నీళ్ళు నటన కాదని నాకు అప్పుడు తెలిసింది.

"ఏమోనమ్మా," అంది అత్త. "ఆ పూట నాకు ఏడుపు రాలేదు."

నేను పక్కనే ఉన్నాను. ఏడుపు వచ్చిందనీ, ఆవిడ చెయ్యి గిల్లి ఆపింది నేనేననీ అందరి ముందూ అక్కడే చెప్పాలి. ఎవరి మీదైనా ఎగిరిపడే నోరు నాది. ఆ రోజు పెగల్లేదు. అత్త ఇంకో పదకొండేళ్ళు నాతోనే బతికింది. ఆ మాట నన్ను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, నేనూ ఎత్తలేదు. కొడుకు కోసం ఏడవని తల్లి అనే ఊళ్ళో అనుకున్నారు. ఆ పేరుతోనే పోయింది.